జ్వరం, దద్దుర్లు, వైరస్ పరీక్షలు – 4వ పాఠం: రోజుల లెక్క

గత పాఠంలోని అభ్యాసానికి వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ఒకే చోట దారి తప్పాయి. దద్దుర్లు కనిపించిన రెండో రోజున తీసిన సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో) మీజిల్స్ (తట్టు) ఐజీఎం, అంటే వైరస్ సోకిన కొత్తలో తయారయ్యే యాంటీబాడీ, నెగెటివ్ అని చెప్పగానే, చాలామంది ‘ఇది తట్టు కాదు’ అని తేల్చేశారు. అందువల్ల ఈసారి చెప్పాలనుకున్న ఎంటెరోవైరస్‌లను వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. సీరంలో యాంటీబాడీల వంటివాటిని పట్టే ఎలీసా ఎలా పనిచేస్తుందో, పీసీఆర్ దేనిని (వైరస్ జన్యుపదార్థాన్ని) వెతుకుతుందో మీకు తెలుసు కనుక వాటి జోలికి పోను.

తట్టులో జ్వరం, దగ్గు, కళ్లు ఎర్రబడటం ముందు వస్తాయి. దద్దుర్లు సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజుల తర్వాత ముఖం మీద, చెవుల వెనుక మొదలవుతాయి. తట్టు పరీక్షలకు రోజులను దద్దుర్లు కనిపించిన నాటి నుంచి లెక్కిస్తాం, డెంగీ పరీక్షలకు జ్వరం వచ్చిన నాటి నుంచి లెక్కిస్తాం. శాంపిల్‌తో వచ్చే కాగితంలో మాత్రం ‘రోగం మొదలైన తేదీ’ అని ఒకే గడి ఉంటుంది, అందులోని తేదీ జ్వరానిదో దద్దుర్లదో ఎవరూ రాయరు. ఈ పనిలో నాకు ఇంతగా విసుగు తెప్పించేది మరొకటి లేదు.

ఒక రోగికి 5వ తేదీన జ్వరం వచ్చి, 9న దద్దుర్లు కనిపించగా, 10న రక్తం తీశారనుకోండి. జ్వరం నుంచి చూస్తే అది ఆరో రోజు, దద్దుర్ల నుంచి చూస్తే రెండో రోజు. అదే సీరం డెంగీ ఐజీఎంకు సరైన సమయంలో వచ్చినట్టు, ఎన్‌ఎస్‌1కు (తొలి రోజుల్లో రక్తంలో దొరికే డెంగీ వైరస్ ప్రొటీన్ పరీక్షకు) కాస్త ఆలస్యమైనట్టు, మీజిల్స్ ఐజీఎంకు తొందరపడినట్టు. దద్దుర్లు వచ్చిన తొలి 72 గంటల్లో తీసిన సీరాల్లో, నిజంగా తట్టు ఉన్నవారివి కూడా, సుమారు నాలుగో వంతు వరకు నెగెటివ్‌గా రావచ్చు. రుబెల్లా అనే మరో దద్దుర్ల వ్యాధిలో పరిస్థితి ఇంకా కష్టం: దద్దుర్లు వచ్చిన నాడే రక్తం తీస్తే దాదాపు సగం మందిలో ఐజీఎం దొరకదు. కాబట్టి మీరు రాయవలసిన జవాబు ‘తట్టు కాదు’ అని కాదు, ‘తొలి 72 గంటలు దాటాక మరో సీరం పంపండి, ఈలోగా గొంతు స్వాబ్‌కు (పుల్లతో గొంతు లోపల తుడిచి తీసిన శాంపిల్‌కు) ఆర్‌టీ-పీసీఆర్ (ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లకు చేసే పీసీఆర్) చేయించండి’ అని. వైరస్ గొంతులో బాగా దొరికేది ఆ తొలి రోజుల్లోనే. నేనైతే మొదటిసారే సీరం, స్వాబ్ రెండూ అడుగుతాను. రోగిని మళ్లీ పిలిపించడం కాగితం మీద రాసినంత సులువు కాదు. స్వాబ్‌కు పాలియెస్టర్ దూది ఉన్న పుల్ల వాడాలి. కాల్షియం ఆల్జినేట్‌ది, చెక్క పుల్లది వద్దు.

దద్దుర్లు తెచ్చే మరో వైరస్ పార్వోవైరస్ బీ19 దగ్గర ఈ సూత్రం తిరగబడుతుంది. అందులో దద్దుర్లు వచ్చేది యాంటీబాడీలు తయారై, రక్తంలో వైరస్ తగ్గుతున్నప్పుడే కనుక, ఆనాటికి ఐజీఎం సాధారణంగా సిద్ధంగా ఉంటుంది. పైగా డీఎన్‌ఏ నెలల తరబడి కొద్దిగా మిగిలిపోవచ్చు కాబట్టి పీసీఆర్ పాజిటివ్ ఒక్కటే చాలదు.

ఐజీఎం పాజిటివ్ వచ్చినా వెంటనే నమ్మకండి. పార్వోవైరస్ సోకినవారిలో, రుమటాయిడ్ ఫ్యాక్టర్ (సొంత యాంటీబాడీలకే అంటుకునే యాంటీబాడీ) ఉన్నవారిలో మీజిల్స్, రుబెల్లా ఐజీఎం తప్పుగా పాజిటివ్ రావచ్చు. మీజిల్స్ టీకా వేసిన ఒకటి, రెండు వారాల్లో కొందరికి జ్వరం, దద్దుర్లు వస్తాయి. వారిలో ఐజీఎం కూడా ఉంటుంది, అయితే అది టీకా వల్ల వచ్చినది. స్వాబ్‌లో దొరికిన వైరస్ జన్యుక్రమాన్ని చూస్తే ఈ తేడా తెలుస్తుంది: టీకా వైరస్ జన్యురకం ‘ఏ’కు చెందుతుంది.

అభ్యాసం. ఒక బిడ్డకు 2వ తేదీన మీజిల్స్ టీకా వేశారు. 10న జ్వరం, 12న దద్దుర్లు వచ్చాయి. 13న తీసిన సీరంలో మీజిల్స్ ఐజీఎం పాజిటివ్. ఈ ఫలితం ఏం చెబుతుంది, ఏం చెప్పదు? తర్వాత ఏ శాంపిల్ అడుగుతారు, ఏ ఫలితం వస్తే టీకాది కాని బయటి వైరస్ సోకిందని రాస్తారు? రెండోది: టీకాతో సంబంధం లేని 1,000 మంది దద్దుర్ల రోగుల్లో నిజంగా తట్టు ఉన్నది 10 మందికే అనుకుందాం. తట్టు ఉన్నవారిలో 90 శాతాన్ని పట్టుకుని, లేనివారిలో 97 శాతానికి నెగెటివ్ చూపే పరీక్ష చేస్తే, వచ్చే పాజిటివ్‌లలో నిజమైనవి ఎన్ని? జవాబులో ప్రతి తేదీ పక్కన అది దద్దుర్ల నుంచి ఎన్నో రోజో, జ్వరం నుంచి ఎన్నో రోజో రాయండి. అది లేని జవాబులను ఈసారి దిద్దను.