కోడ్ పీ0131 వస్తే వెంటనే ఆక్సిజన్ సెన్సర్ కొనకండి

కారులో చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది, మైలేజీ పడిపోతుంది, సైలెన్సర్ దగ్గర పెట్రోలు వాసన వస్తుంది. స్కానర్‌లో లోపం కోడ్ కనబడగానే చాలామంది వేలు పోసి, పొగలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే ఈ సెన్సర్ కొత్తది తెచ్చేస్తారు. పది రోజులకి లైట్ మళ్లీ వెలుగుతుంది.

కోడ్ పీ0135 అయితే అది సెన్సర్‌ని వేడిచేసే హీటర్ సర్క్యూట్. ముందు ఫ్యూజు, తర్వాత కనెక్టర్ చూడండి. రెండూ బాగుంటే సెన్సర్‌లో ఒకే రంగులో ఉన్న రెండు వైర్ల మధ్య మల్టీమీటర్ పెట్టండి. కొన్ని ఓమ్‌లు రావాలి. ఏమీ రాకపోతే సెన్సర్ మార్చాల్సిందే.

సెన్సర్ వోల్టేజి తక్కువని చెప్పే పీ0131 దగ్గరే అందరూ మోసపోతారు. వోల్టేజి తక్కువగా ఉందంటే సాధారణంగా సెన్సర్‌కి ఆక్సిజన్ ఎక్కువ తగులుతోందని అర్థం. అది చాలాసార్లు ఇంజిన్‌లోంచి కాదు, బయటి నుంచి వస్తుంది. సెన్సర్ కంటే ముందు, ఇంజిన్ నుంచి పొగ తెచ్చే మానిఫోల్డ్ గొట్టాల అతుకులో ఉండే గ్యాస్‌కెట్ కాలినా, దాన్ని బిగించే స్టడ్ విరిగినా పొగ బయటికి కొడుతుంది. కానీ ఒక్కో విడత పొగ వెళ్లాక లోపల ఒత్తిడి క్షణంపాటు పడిపోయి, అదే సందులోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. సెన్సర్ ఉన్నదే చెబుతుంది. పెట్రోలు తక్కువైందనుకుని ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, పెట్రోలు పెంచేస్తుంది.

పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి మానిఫోల్డ్ దగ్గర చెవి పెట్టండి. టిక్ టిక్ మని వినిపించి, వేడెక్కాక తగ్గితే అదే లీకు. అతుకు పక్కన నల్లటి మసి చారలు ఉంటాయి. ఇంకా అనుమానముంటే ఆరుబయట, ఇంజిన్ వేడెక్కకముందే, ఇంకొకరిని తడిగుడ్డతో సైలెన్సర్ మూతిని రెండు మూడు సెకన్లు మూయమనండి. అతుకు మీద సబ్బు నీళ్లు చల్లితే లీకు దగ్గర నురగ కడతాయి. కొత్త గ్యాస్‌కెట్ వేయండి. సిలికాన్ పేస్టు పూసి సరిపెట్టారో, దాని ఆవిరే సెన్సర్‌ని చంపుతుంది.

లీకు లేదా? ఇంజిన్ బాగా వేడెక్కాక స్కానర్‌లో లైవ్ డేటా, అంటే సెన్సర్ అప్పటికప్పుడు ఇచ్చే అంకెలు, చూడండి. మామూలు జిర్కోనియా సెన్సర్ 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య అటూ ఇటూ ఊగుతుండాలి. యాక్సిలరేటర్ ఒక్కసారిగా నొక్కినా పైకి లేవకపోతే, వైరింగ్ సరిచూసి సెన్సర్ మార్చండి. ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు, వైరు దూరే చీలిక ఉన్న 22 ఎంఎం సాకెట్‌తో విప్పితే మరలు పాడవవు. కొత్తదాని కొనకు గ్రీజు, చేతి నూనె తగలనివ్వకండి.

పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాత ఉండే రెండో సెన్సర్ ఊగకపోతే అది లోపం కాదు. ఈసీయూ పోయిందన్న మాట అన్నీ చూశాకే వినండి. కోడ్ చెరిపాక ఒక రోజు తిప్పి ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోలుని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో) చూడండి, సున్నా దగ్గరికి వస్తుంటే పని అయినట్టే.