శేషాచలం అడవికి జీపీఎస్‌తో వెళ్లేవాళ్లకి

ఏ రిసీవర్ (ఉపగ్రహాల సిగ్నల్ పట్టి మనం ఎక్కడున్నామో లెక్కగట్టే పరికరం) తీసుకెళ్లాలి అని అడిగే ముందు మీ పనికి ఎంత కచ్చితత్వం కావాలో తేల్చుకోండి. తలకోన దారిలో సీతాకోకచిలుకలు ఎక్కడ కనిపించాయో రాసుకోవడానికి చేతి జీపీఎస్ ఇచ్చే మూడు నుంచి ఐదు మీటర్ల తేడా ఏమీ అడ్డం కాదు, ఆ మాటకొస్తే మంచి ఫోనైనా చాలు. అదే ఎర్రచందనం ప్లాట్‌లో (పరిశీలనకి గుర్తుపెట్టుకున్న అడవి ముక్కలో) చెట్టు చెట్టుకీ నంబరు వేసి కొన్నేళ్ల తర్వాత మళ్లీ అదే చెట్టు దగ్గరికి రావాలంటే ఐదు మీటర్లు పనికిరాదు, అంత జాగాలో నాలుగు చెట్లుంటాయి. ఘాట్ రోడ్డు పక్కన బండ పగులు ఏడాదికి ఎంత జరుగుతోందో చూడాలంటే ఇక సెంటీమీటర్ల లెక్కే: ఒకచోట కదలకుండా ఉండే రిసీవర్ (బేస్), చేతపట్టుకు తిరిగే రిసీవర్ (రోవర్), ట్రైపాడ్, వాటిని మోసే మనుషులు. ఫోన్‌తో అయిపోయే పనికి లక్షల సామాను మోసుకెళ్లేవాళ్లూ ఉన్నారు, సామాను కావాల్సిన పనికి ఫోన్ పట్టుకెళ్లేవాళ్లూ ఉన్నారు.

సెట్టింగులు ముందురోజు రాత్రి రూమ్‌లోనే చూసుకోండి. డేటమ్, అంటే అక్షాంశ రేఖాంశాల లెక్కకి ఆధారమైన భూమి నమూనా, డబ్ల్యూజీఎస్ 84 ఉండాలి. తిరుపతి, చిత్తూరు జిల్లాలు రెండూ యూటీఎం (భూమిని నిలువు పట్టీలుగా విడగొట్టి మీటర్లలో స్థానం చెప్పే పద్ధతి) 44 ఉత్తర జోన్‌లోనే పడతాయి, అనంతపురం వైపు వెళ్లి 78 డిగ్రీల రేఖాంశం దాటితే మాత్రం 43. అక్షాంశ రేఖాంశాలు రాసే పద్ధతి టీమ్ మొత్తానికి ఒకటే ఉండాలి, దశాంశ డిగ్రీలైతే అందరికీ దశాంశ డిగ్రీలే. తిరుపతిలో ఒక పాయింటు 13.6288 డిగ్రీలు అనుకోండి, నిమిషాలు సెకన్లలో అది 13 డిగ్రీల 37 నిమిషాల 43.7 సెకన్లు. దీన్ని ఎవరో హడావిడిలో 13.3743 అని కొట్టేస్తే మీ చెట్టు 28 కిలోమీటర్లు దక్షిణానికి, కార్వేటినగరం దాటి అవతలికి పోతుంది. దశాంశం తర్వాత ఐదు అంకెలు ఉంచండి, ఐదో అంకె అంటే దాదాపు ఒక మీటరు.

చేతి జీపీఎస్‌లలో వాస్ అనో ఎస్‌బ్యాస్ అనో ఒక ఆప్షన్ ఉంటుంది, ఆన్‌లో పెట్టండి, జీపీఎస్ తప్పుల్ని సవరించే మన దేశపు గగన్ సిగ్నల్ దాని ద్వారానే అందుతుంది. జీపీఎస్ లాంటి మన దేశపు సొంత వ్యవస్థ నావిక్ సంగతి వేరు. ఆ ఉపగ్రహాలు ఎగిరేది మన తిరుపతి జిల్లాలోని శ్రీహరికోట నుంచే, కానీ 2023లో ఎన్‌వీఎస్-01 వచ్చేదాకా వాటిలో ఎల్1 (జీపీఎస్ వాడే ప్రధాన ఫ్రీక్వెన్సీ) సిగ్నల్ లేదు, అందుకే ఎల్1 మాత్రమే పట్టే పాత రిసీవర్లకి నావిక్ అందదు. బీరువాలో నెలల తరబడి పడున్న రిసీవర్‌ని నేరుగా అడవిలో ఆన్ చేయకండి. జీపీఎస్ ఉపగ్రహాల అల్మనాక్ (ఏది ఎప్పుడు ఎక్కడుంటుందో చెప్పే పట్టిక) పూర్తిగా దిగడానికే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది, కాబట్టి బయల్దేరే ముందు మేడ మీదో ఖాళీ స్థలంలోనో పావుగంట పైనే వదిలేయండి. తేదీ కూడా చూడండి. 2019 ఏప్రిల్‌లో జీపీఎస్ వారాల లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలైంది, అప్‌డేట్ చేయని పాత పరికరాలు కొన్ని దాదాపు ఇరవై ఏళ్ల వెనకటి తేదీ చూపిస్తాయి.

అడవిలో అసలు శత్రువు ఆకులూ కొండలే. మనవి ఆకు రాల్చే అడవులు కాబట్టి ఎర్రచందనం ఆకు రాల్చేసిన ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకాశం బాగా కనబడుతుంది, కుదిరితే ప్లాట్ సర్వే అప్పుడే పెట్టుకోండి. వానాకాలంలో అదే ప్లాట్‌లో అదే రిసీవర్ పది మీటర్లు అటూ ఇటూ గెంతుతుంది. బండల గోడ పక్కన ఇంకో తంటా: సిగ్నల్ రాతికి కొట్టుకుని ఆలస్యంగా వస్తుంది, స్క్రీన్ మీద ఉపగ్రహాలు పద్దెనిమిది కనిపిస్తున్నా పొజిషన్ తప్పు. వెంట వచ్చిన అటవీ శాఖ వాచర్ "సార్, ఈ గుంతలో సిగ్నల్ యాడ వస్తాది, పైకి రాండి" అంటే వినండి. పైకి, ఖాళీ జాగాలోకి వచ్చి అక్కడ పాయింటు తీసుకుని, అక్కడినుంచి చెట్టుకి దిక్సూచితో దిశా, టేపుతో దూరమూ కొలిచి రాసుకోండి. గుంతలో నిలబడి అరగంట యావరేజ్ చేసినదానికంటే ఇదే నయం. దిక్సూచి ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా మన దగ్గర రెండు డిగ్రీల లోపే, తక్కువ దూరాలకి పట్టించుకోనక్కర్లేదు.

సెంటీమీటర్ల పని చేసేవాళ్లు పొద్దుగూకిన తర్వాత జాగ్రత్త. మనం భూ అయస్కాంత మధ్యరేఖకి దగ్గరలో ఉన్నాం. సూర్యాస్తమయం తర్వాత ఇక్కడ ఐనోస్ఫియర్‌లో (ఆకాశంలో పైన విద్యుత్ కణాలుండే పొరలో) ప్లాస్మా బుడగలు, అంటే ఆ కణాలు పలచబడ్డ ఖాళీలు, లేస్తాయి, వాటి గుండా వచ్చే సిగ్నల్ వణుకుతుంది. పాకాల దారిలోని గాదంకి రాడార్‌తో శాస్త్రవేత్తలు గమనించే వాటిలో ఇవీ ఉన్నాయి. మార్చి, ఏప్రిల్‌లోనూ సెప్టెంబరు, అక్టోబరులోనూ, సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలోనూ ఇది ఎక్కువ. చేతి జీపీఎస్ వాడేవాళ్లకి పెద్దగా తెలియదు గానీ, ఆర్‌టీకేలో (బేస్ పంపే సవరణల్ని రేడియోలో అందుకుని రోవర్ అక్కడికక్కడే సెంటీమీటర్లలో స్థానం చెప్పే పద్ధతిలో) సాయంత్రం దాకా ఫిక్స్‌లో, అంటే సెంటీమీటర్ల కచ్చితత్వంతో, ఉన్నది ఏడున్నర, ఎనిమిదికల్లా కచ్చితత్వం తగ్గిన ఫ్లోట్‌లోకి జారిపోయి మళ్లీ రాదు. చాలామంది కేబుల్ పీకి పెడతారు, రిసీవర్ రీస్టార్ట్ చేస్తారు, టెన్షన్ పడతారు. పరికరం బాగానే ఉంది, సామాను సర్దేసి పొద్దున్నే రండి.

ఇక ఎత్తు. రిసీవర్ లెక్కగట్టేది ఎలిప్సాయిడ్ (భూమికి బదులు లెక్కల్లో వాడే నున్నటి ఆకారం) మీద ఎత్తు, మనకి కావాల్సింది సముద్రమట్టం నుంచి ఎత్తు. దక్షిణ భారతంలో ఈ రెండింటికీ తేడా చాలా ఎక్కువ, మన ప్రాంతంలో సుమారు 90 మీటర్లు. తిరుపతి ఊరు సముద్రమట్టానికి నూట అరవై మీటర్ల దాకా ఎత్తులో ఉంటే ఎలిప్సాయిడ్ లెక్కలో డెబ్భై చిల్లర వస్తుంది. సూళ్లూరుపేట దాటి సముద్రపు ఒడ్డున అయితే ఏకంగా మైనస్‌లోకి పోతుంది, చూసి కంగారు పడకండి. చేతి జీపీఎస్‌లు చాలావరకు సవరించిన ఎత్తే చూపిస్తాయి, సర్వే రిసీవర్లలో రెండూ ఉంటాయి. పుస్తకంలో ఎత్తు పక్కన అది ఏ ఎత్తో రాయకపోతే ఆ అంకె దండగ.

బేస్ పెట్టినప్పుడు యాంటెనా ఎత్తు కొలవడంలోనే ఎక్కువ డేటా పాడవుతుంది. నేల మీది గుర్తు నుంచి టేపు లాగి యాంటెనా అడుగుకి కొలిచారా, అంచు మీది గీతకి ఏటవాలుగా కొలిచారా, ఏది చేస్తే అది రాయండి, ఒట్టి 1.52 అని రాసి ఊరుకోవద్దు. ట్రైపాడ్ చుట్టూ మూడు వైపుల నుంచి కొలవండి, మూడూ ఒక్కలా రాకపోతే లెవెల్ సరిగ్గా లేదని అర్థం. టేపు ఆనిన చోటు, అంకె రెండూ కనబడేలా ఫోన్‌తో ఫొటో తీయండి. సాయంత్రం పని ముగించి తీసేసే ముందు మళ్లీ ఒకసారి కొలవండి, మెత్తటి నేలలో ట్రైపాడ్ కాళ్లు దిగుతాయి, మేకలు తగులుతాయి.

ఆర్‌టీకే పనిచేస్తున్నా సరే రా డేటా (రిసీవర్ పట్టిన అసలు కొలతల) లాగింగ్ ఆన్‌లోనే ఉంచండి. లోయలో రేడియో లింకు తెగినా ఆ ఫైళ్లుంటే ఇంటికొచ్చి పీపీకే (అవే సవరణల్ని తర్వాత కంప్యూటర్లో లెక్కగట్టడం) చేసుకోవచ్చు. బేస్ డేటాని రైనెక్స్ అనే ప్రామాణిక ఫైలు ఫార్మాట్‌లోకి మార్చి కెనడా వాళ్ల సీఎస్‌ఆర్‌ఎస్-పీపీపీ అనే ఆన్‌లైన్ సేవకి గానీ ఆస్ట్రేలియా వాళ్ల ఆస్‌పాస్‌కి గానీ పంపితే ఉచితంగానే బేస్ స్థానం లెక్కగట్టి పంపుతారు. డ్యూయల్ ఫ్రీక్వెన్సీ (రెండు ఫ్రీక్వెన్సీల్లో పట్టిన) డేటా అయితే మంచిది, కదలకుండా కొన్ని గంటలు ఉండాలి. గంట డేటా పంపి సెంటీమీటరు రాలేదంటే ఎలా? ఫోన్‌తోనే రా డేటా తీసేవాళ్లు డెవలపర్ ఆప్షన్లలో ఫోర్స్ ఫుల్ జీఎన్‌ఎస్‌ఎస్ మెజర్‌మెంట్స్ ఆన్ చేయండి, లేకపోతే బ్యాటరీ ఆదా కోసం ఫోన్ మధ్యమధ్యలో రిసీవర్‌ని నిద్రపుచ్చుతుంది. టైమ్ విషయంలో ఒకటే గుర్తుంచుకోండి: జీపీఎస్ టైమ్ యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయానికి) 18 సెకన్లు ముందుంటుంది, కెమెరా ట్రాప్‌లతోనో డ్రోన్ ఫొటోలతోనో జత చేసేటప్పుడు ఇది తగులుతుంది.

అటవీ శాఖ అనుమతి కాగితం ఎలాగూ కావాలి, దాంట్లో పరికరాల జాబితా కూడా రాయించుకోండి. ఉపగ్రహ మెసేజింగ్ ఉన్న విదేశీ పరికరాలు మాత్రం తేవద్దు, అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లలాంటివి దగ్గర పెట్టుకోవడం మన దేశంలో నేరం.

తీసుకొచ్చిన డేటాలో ఎర్రచందనం చెట్ల పాయింట్లుంటే అది దొంగల చేతికిచ్చే మ్యాపు అవుతుంది. వాట్సాప్ గ్రూపులో ఫైలు పడేయకండి. ఫొటోలు డాక్యుమెంట్‌గా పంపితే లోపలి లొకేషన్ కూడా వెళ్లిపోతుంది, ముందే తీసేయండి. పరిశోధన పేపర్‌లో వేసేటప్పుడు అంకెల్ని దశాంశం తర్వాత ఒక స్థానానికి కుదించండి, అంటే పది కిలోమీటర్ల చుట్టుపక్కల. పూర్తి అంకెలున్న ఫైలు పాస్‌వర్డ్ పెట్టి రీసెర్చ్ గైడ్ దగ్గరొకటి, మీ దగ్గరొకటి.