వంటింటి సింకు పైపు మార్చేటప్పుడు ఏ రకం పైపు ఎంచుకోవాలి?

సింకు కింద నీరు కారడం మొదలవగానే చాలా ఇళ్లలో దగ్గరి హార్డ్‌వేర్ షాపు నుంచి ఒక ముడతల పైపు తెచ్చి, పాతదాన్ని లాగేసి, ఆ కన్నంలోనే కొత్తదాన్ని దూర్చేస్తారు. ఆ పూటకు కారడం ఆగుతుంది గానీ, వాసన, బొద్దింకలు, నీరు నిదానంగా దిగడం మళ్లీ మొదలవుతాయి. పైపు బిగించడం కంటే సరైన పైపును ఎంచుకోవడమే ఇందులో జాగ్రత్తగా చేయవలసిన పని.

మొదటి మెట్టు: సింకులోకి ఏమి పోస్తున్నారో గమనించండి

అన్నం వార్చే అలవాటున్న ఇళ్లలోనూ, బిర్యానీకి బియ్యం ఉడికించి నీరు వంచే ఇళ్లలోనూ, దాదాపు మరుగుతున్న నీరే నేరుగా పైపులోకి దిగుతుంది. పి.వి.సి. పైపు నిలకడగా తట్టుకోగలిగే వేడి సుమారు 60 డిగ్రీల వరకే. 80 డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి అది మెత్తబడుతుంది. అలా పదేపదే మెత్తబడిన పైపు మధ్యలో కిందికి జారి, ఆ ఒంపులో నీరు నిలుస్తుంది. జాయింట్లు కూడా వదులవుతాయి. పైగా గంజి చల్లారితే జిగురుగా గట్టిపడుతుంది, దానికి తాలింపు నూనె తోడైతే పైపు లోపలి గోడకు పొరలా పట్టుకుంటుంది. కొత్త పైపు లోపలివైపు నునుపుగా, వేడికి ఓర్చుకునేదిగా ఉండాలని చెప్పడానికి కారణాలివే. డిష్‌వాషర్ ఉన్న ఇంటికీ ఇదే వర్తిస్తుంది.

రెండవ మెట్టు: పాత పైపును విప్పి చూడండి

కింద బకెట్టు పెట్టి, సింకు జాలీ కింది నట్టును విప్పండి. గోడలోకో నేలలోకో వెళ్లే పైపు మూతిని గుడ్డతో తుడిచి, అది ఏ రకమో చూడండి. పాత ఇళ్లలో అది జి.ఐ. (జింకు పూత పూసిన ఇనుప) పైపు అయివుండవచ్చు, స్క్రూడ్రైవర్‌తో లోపల గీకినప్పుడు తుప్పు పెచ్చులుగా ఊడివస్తే, దానికి కొత్త పైపు తగిలించి లాభం లేదు, గోడలో ఉన్నదాన్ని కూడా మార్చవలసిందే. కొలత విషయంలో ఒక చిక్కుంది. పి.వి.సి. డ్రైనేజీ పైపుకు చెప్పే 40 మి.మీ., 50 మి.మీ. అనేవి బయటి వ్యాసాలు, జి.ఐ. పైపును మాత్రం లోపలి బోరును బట్టి పిలుస్తారు కనుక, ‘ఒకటిన్నర అంగుళం’ పైపు బయట కొలిస్తే సుమారు 48 మి.మీ. ఉంటుంది. అందువల్ల నోటిమాటగా కొలత చెప్పకుండా, పాత ముక్కనే షాపుకు తీసుకెళ్లడం మేలు.

మూడవ మెట్టు: సింకు కింద కనిపించే భాగానికి పాలిప్రొపిలీన్ ట్రాపు

ఇక్కడ నా సలహా స్పష్టంగా ఒకటే: నట్టు, వాషర్లతో బిగించే పాలిప్రొపిలీన్ పి ట్రాపు (లోపల కొంత నీరు నిలిచేలా వంపు తిరిగిన గొట్టం), 40 మి.మీ. కొలతలో. ఈ ప్లాస్టిక్ పి.వి.సి. కంటే ఎక్కువ వేడిని ఓర్చుకుంటుంది, మూసుకుపోతే చేత్తోనే విప్పి కడుక్కోవచ్చు. షాపులో రెండూ తెల్లగా ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, ఒంటి మీద పీపీ అన్న అక్షరాలు అచ్చయి ఉన్నాయేమో చూడండి. అనుమానముంటే ఒక చిన్న ముక్కను నీళ్లలో వేయండి: పాలిప్రొపిలీన్ తేలుతుంది, పి.వి.సి. మునుగుతుంది.

ముడతల పైపును నేను అసలు ఒప్పుకోను. పాతదాన్ని నిలువునా కోసి చూస్తే, ప్రతి ముడతలోనూ మెతుకులు, నూనె, చింతపండు పిప్పి చేరి నల్లటి జిగురుగా మారి ఉండటం కనిపిస్తుంది. పైగా ఆ పలుచటి గోడను ఎలుకలు సులువుగా కొరికేస్తాయి. క్రోమియం పూత పూసిన ఇత్తడి బాటిల్ ట్రాపు వేడికి చెక్కుచెదరదు గానీ, దాని అందం వాష్‌బేసిన్ కింద కనిపించే చోటుకే తగినది. సింకులో దాని అడుగున మెతుకులు త్వరగా పేరుకుంటాయి, డ్రెయిన్ పౌడర్లలోని కాస్టిక్ సోడా దాని పూతను దెబ్బతీస్తుంది.

ట్రాపులో కనీసం 50 మి.మీ. లోతు నీరు నిలవాలి; మురుగువాసనను ఆపేది ఆ నీరే. అయితే మీ సింకు పైపు నేలలోని నహానీ ట్రాపు (జాలీ మూత ఉండే నేల ట్రాపు) లోకే దిగుతుంటే, సింకు కింద రెండో ట్రాపు పెట్టకండి. ఒకే వరుసలో రెండు ట్రాపులుంటే మధ్యలో గాలి చిక్కుకుని నీరు ఆగి ఆగి దిగుతుంది. అలాంటి చోట నునుపైన పైపునే నేరుగా దింపి, పైపు చుట్టూ ఉన్న సందును రబ్బరు బుష్‌తో మూయాలి.

నాలుగవ మెట్టు: గోడలోనూ బయటా ఎస్.డబ్ల్యు.ఆర్. పైపు

గోడలో వెళ్లే భాగానికి ఐ.ఎస్. 13592 (భారతీయ ప్రమాణం) గుర్తు ఉన్న యు.పి.వి.సి. (గట్టి రకం పి.వి.సి.) ఎస్.డబ్ల్యు.ఆర్. పైపు, అంటే మురుగు, వాడిన నీరు, వాన నీరు పోవడానికి చేసిన పైపు తీసుకోండి. ఇందులో టైప్ ఎ, టైప్ బి అని రెండున్నాయి. ఎ అనేది వాన నీటికీ, గాలి గొట్టానికీ ఉద్దేశించినది. వాడిన నీటికి బి కావాలి. 75 మి.మీ. పైపులో ఎ రకం గోడ మందం 1.8 మి.మీ. అయితే, బి రకానిది 3.2 మి.మీ. ధర చూసి ఎ రకం అంటగట్టే అవకాశం ఉంది కనుక, పైపు మీది అచ్చును మీరే చదవండి. సింకుకు 50 మి.మీ. కంటే తక్కువ పైపు గోడలో వేయకండి.

వేడికి ఆగుతుందని కొందరు ప్లంబర్లు సి.పి.వి.సి. (క్లోరిన్ మరింత చేర్చిన పి.వి.సి.) వేద్దామంటారు. అది 93 డిగ్రీల వరకు తట్టుకునే మాట నిజమే, కానీ ఒత్తిడితో వచ్చే మంచినీటి లైన్ల కోసం తయారైనది; దాని ఎల్బోల మలుపు మరీ బిగువుగా ఉండి మెతుకులను పట్టేస్తుంది. దానికి బదులు, గంజి వార్చేటప్పుడు పక్కనే కుళాయి తిప్పి చన్నీళ్లు కలిసేలా చేస్తే యు.పి.వి.సి. పైపు చాలాకాలం నిలుస్తుంది.

అపార్ట్‌మెంటులో ఉమ్మడి నిలువు పైపు పోతఇనుముది అయితే దానిని మీరు కదిలించకండి. అసోసియేషన్‌కు చెప్పాకే, తగిన రబ్బరు కనెక్టర్‌తో కలిపించండి.

ఐదవ మెట్టు: బిగించడం

పైపుకు మీటరుకు 2 నుంచి 2.5 సెం.మీ. వాలు ఇవ్వండి. గోడలో మూసేసే జాయింట్లకు సాల్వెంట్ సిమెంట్ (పి.వి.సి. పైపులను అతికించే జిగురు) వాడండి; ఎండలో ఉండే పొడవాటి పైపుకు మాత్రం రబ్బరు రింగు జాయింటు అవసరం, ఎందుకంటే 50 డిగ్రీల తేడాకు మీటరు పి.వి.సి. పైపు సుమారు 3 నుంచి 4 మి.మీ. సాగుతుంది. పాలిప్రొపిలీన్‌కు సాల్వెంట్ సిమెంట్ అంటుకోదు కనుక, ట్రాపునూ గోడ పైపునూ వాషర్ ఉన్న నట్టుతోనే కలపాలి. వాషర్ సన్నని అంచు జాయింటు లోపలికి చూడాలి. ఆ నట్లకు టెఫ్లాన్ టేపు చుట్టనక్కరలేదు. చేత్తో బిగించి, ఆపైన పావు చుట్టు తిప్పితే చాలు. మలుపు ఉన్న చోట మూత తీసి శుభ్రం చేసుకోగల డోర్ బెండు వేయించుకోండి.

ఆరవ మెట్టు: పరీక్ష

సిమెంట్ డబ్బా మీద రాసిన ఆరే సమయం పూర్తయ్యాక, జాలీ మూసి సింకును నిండా నింపి ఒక్కసారిగా వదలండి. ప్రతి జాయింటు కింద పొడి కాగితం పెట్టి చూడండి. చిన్న చెమ్మ అయినా కాగితం మీద వెంటనే తెలుస్తుంది. తరువాత గోరువెచ్చని నీటితో మరోసారి ఇదే పరీక్ష చేసి, వదులైన నట్టు ఉంటే మరికాస్త బిగించండి. గోడకు ప్లాస్టరు వేయించడం ఆ మరుసటి రోజు, కాగితాలు పొడిగానే ఉన్నాయని చూసుకున్నాకే పెట్టుకోండి.