ఫలితాల రద్దీకి ముందే సర్వర్ మెమరీ లెక్క తేల్చుకోండి

ఇంటర్, పదో తరగతి, ఈఏపీసెట్ ఫలితాలు ఒకదాని వెంట ఒకటి వచ్చే వేసవిలో కాలేజీ సైట్లు, వార్తా సైట్లు చూసుకునేవారికి నిద్ర కరవు. ఆ రోజుల్లోనే ఒక వింత ఎక్కువగా బయటపడుతుంది. 64 జీబీ ఉన్న లినక్స్ సర్వర్‌లో ప్రాసెస్‌లు (నడుస్తున్న ప్రోగ్రాములు) వాడేదంతా కూడినా 20 జీబీ దాటదు; మానిటర్ మాత్రం 95 శాతం నిండిందని అలారం కొడుతుంది. మిగతా మెమరీ ఎటు పోయింది? చాలాసార్లు ఫైల్‌సిస్టమ్ కాష్‌లోకి, అంటే డిస్కులోని ఫైళ్ల సమాచారం త్వరగా దొరికేలా మెమరీలో దాచుకునే చోటులోకి. అది మంచిదో చెడ్డదో తేల్చే పని రద్దీ రోజున కాదు, కనీసం వారం ముందు పెట్టుకోవాలి.

మొదట అలారాన్నే అనుమానించండి. ఖాళీ మెమరీని ఊరికే ఉంచడం లినక్స్‌కు అలవాటు లేదు. చదివిన ఫైళ్లను అందులో దాచుకుంటుంది, ప్రోగ్రాములు అడిగితే తిరిగి ఇచ్చేస్తుంది. అందుకే ‘ఫ్రీ’ కమాండ్ చూపే పట్టికలో ‘ఫ్రీ’ గడి చూసి కంగారు పడకండి, ‘అవైలబుల్’ గడి చూడండి; అవసరమైతే ప్రోగ్రాములకు ఎంత మెమరీ ఇవ్వగలదో చెప్పే అంచనా అది. 2014లో వచ్చిన 3.14 కెర్నల్ (లినక్స్ మూల భాగం) నుంచి ఈ అంచనాను కెర్నలే లెక్కగట్టి ఇస్తోంది. ఇన్నేళ్ల తర్వాత కూడా అలారాలను ‘ఫ్రీ’ గడికే కట్టేసి ఉంచడం బద్ధకం తప్ప మరొకటి కాదు.

అవైలబుల్ కూడా పడిపోతుంటే అసలు పని అప్పుడు మొదలవుతుంది. లక్షల కొద్దీ చిన్న ఫైళ్లున్న సర్వర్లలో ముందుగా స్లాబ్‌ను, అంటే కెర్నల్ తన సొంత చిన్న వస్తువుల కోసం వాడుకునే మెమరీని చూడాలి. రాత్రి బ్యాకప్, వైరస్ స్కాన్ లాంటివి ప్రతి ఫైలునూ తడుముతూ పోతాయి. తడిమిన ప్రతి ఫైలు పేరుకూ ఒక డెంట్రీ (పేరు నమోదు), ఫైలుకు ఒక ఐనోడ్ (ఫైలు వివరాల నమోదు) మెమరీలో మిగులుతాయి. డెంట్రీ 192 బైట్ల చిన్నదే, కానీ ఈఎక్స్‌టీ4 అనే ఫైల్‌సిస్టమ్‌లో ఐనోడ్ ఒక్కోటి దాదాపు ఒక కేబీ. కోటి ఫైళ్లు నడిచొస్తే 10 జీబీకి పైగా వీటికే పోతుంది. ఇవి ఏ ప్రాసెస్ ఖాతాలోనూ కనిపించవు. ప్రాసెస్‌ల జాబితా చూపే ‘టాప్’లో ఎంత వెతికినా దొరకవు. స్లాబ్ వాడకాన్ని చూపే ‘స్లాబ్‌టాప్’ను పరిమాణం వారీగా పేర్చి చూస్తే పై వరుసల్లోనే ఉంటాయి. కెర్నల్ మెమరీ లెక్కలు చూపే మెమ్‌ఇన్ఫో ఫైలులో ‘ఎస్‌రీక్లెయిమబుల్’ అన్న అంకె వీటిదే. తిరిగి తీసుకోదగినది అని చెప్పే ఆ పేరును పూర్తిగా నమ్మకండి: ఒక స్లాబ్ పేజీలో వాడుకలో ఉన్న వస్తువు ఒక్కటి మిగిలినా ఆ పేజీ మొత్తం విడుదల కాదు.

లేని ఫైళ్ల కోసం వెతికినా డెంట్రీలు పుడతాయి, ‘ఈ పేరుతో ఏదీ లేదు’ అని గుర్తుంచుకోవడానికి. ఎన్‌ఎస్‌ఎస్ అనే భద్రతా లైబ్రరీ పాత రూపంతో కట్టిన కర్ల్ (వెబ్ చిరునామాల నుంచి డేటా తెచ్చే కమాండ్) ఇందుకు పేరుమోసింది. డిస్కు వేగం అంచనా వేయడానికి అది లేని పేర్లను పదేపదే తడిమేది. నిమిషానికోసారి కర్ల్‌తో ఆరోగ్య పరీక్ష నడిపే పాత సర్వర్లలో ఇలా జీబీల కొద్దీ పేరుకునేది. ఇలాంటి యంత్రం మీ దగ్గర ఇంకా ఉంటే ‘ఎన్‌ఎస్‌ఎస్_ఎస్‌డీబీ_యూజ్_కాష్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను ‘యెస్’గా పెట్టండి. స్లాబ్ పెరుగుదలను మామూలుగా తగ్గించాలంటే ‘వీఎఫ్‌ఎస్_కాష్_ప్రెషర్’ అనే కెర్నల్ సెట్టింగ్‌ను సహజ విలువ 100 నుంచి కొంచెం పెంచవచ్చు. సున్నా మాత్రం పెట్టకూడదు. అప్పుడు కెర్నల్ వీటిని వదలదు, చివరికి ప్రాసెస్‌లను చంపడం మొదలుపెట్టవచ్చు.

ఫైళ్లను డిస్కులో కాక మెమరీలోనే ఉంచే ఫైల్‌సిస్టమ్ టీఎంపీఎఫ్‌ఎస్‌ది మరో మోసం. దానిలో రాసిన ఫైళ్లు కాష్ గడిలోనే కనబడతాయి గానీ, కాష్ ఖాళీ చేస్తే పోవు. పరిమితి ఇవ్వకపోతే ఒక్కో మౌంటు సగం ర్యామ్ దాకా పెరగగలదు. సెషన్ ఫైళ్లు, తాత్కాలిక పీడీఎఫ్‌లు అక్కడ పోగవుతున్నాయేమో చూడండి. చెరిపేసినా ఏదో ప్రాసెస్ తెరిచి ఉంచిన ఫైలు చోటు వదలదు. వాటిని, తెరిచి ఉన్న ఫైళ్లను చూపే ‘ఎల్‌ఎస్‌ఓఎఫ్’ కమాండ్‌తో పట్టుకోవాలి.

జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ వాడేవారి సంగతి వేరు. దాని సొంత కాష్ అయిన ఏఆర్‌సీ, కాష్ గడిలో కాక ‘యూజ్డ్’ గడిలో కలిసిపోతుంది. లినక్స్ మీద చాలా కాలం దాని సహజ పరిమితి ర్యామ్‌లో సగం. 64 జీబీలో ఏఆర్‌సీకి 32, డేటాబేస్‌కు 40 అంటే లెక్క కుదరదని కాగితం మీదే తెలుస్తుంది. ‘జెడ్‌ఎఫ్‌ఎస్_ఏఆర్‌సీ_మ్యాక్స్’ను మీరే నిర్ణయించి రాయండి.

ఇక కాష్‌ను ఊడ్చేసే ‘డ్రాప్_కాషెస్’ను గంట గంటకూ నడిపే క్రాన్ (వేళ ప్రకారం నడిచే పని) మీ సర్వర్‌లో ఉంటే ఈ రోజే తీసేయండి. దాన్ని పరీక్షలకు తప్ప వాడవద్దని కెర్నల్ పత్రాలే చెబుతాయి. కాష్ ఊడ్చిన మరుక్షణం ప్రతి పేజీ కోసం డిస్కుకు పరుగెత్తాలి. రద్దీ వేళ అది కోరి తెచ్చుకున్న ఆలస్యం. రోగ నిర్ధారణకు మాత్రం పనికొస్తుంది. రద్దీ లేని రాత్రి ముందు ‘సింక్’ చేసి (మెమరీలోని మార్పులను డిస్కుకు రాసి), తర్వాత ‘డ్రాప్_కాషెస్’లో 2 రాయండి, డెంట్రీలూ ఐనోడ్‌లూ పోతాయి. 1 రాస్తే ఫైళ్ల పేజీలు, 3 రాస్తే రెండూ. మూడూ అయ్యాక కూడా ‘ఫ్రీ’ అంకె పెద్దగా పెరగకపోతే, టీఎంపీఎఫ్‌ఎస్, ఏఆర్‌సీ రెండూ కారణం కాదని తేలితే, కాష్‌ను వదిలేసి ‘ఎస్‌అన్‌రీక్లెయిమ్’ (తిరిగి తీసుకోలేని స్లాబ్) వైపు, ప్రోగ్రాముల లీకుల వైపు వెళ్లండి.

ప్రోగ్రాములను కంటెయినర్లలో (ఒక్కోదానికి మెమరీ లెక్క వేరుగా ఉండే విడి పెట్టెల్లో) నడిపేవారు గుర్తుంచుకోవాల్సింది ఒకటే: చదివిన ఫైళ్ల కాష్ కూడా కంటెయినర్ ఖాతాలోనే పడుతుంది. కంటెయినర్లను నడిపించే కుబర్నెటీస్ చూపే ‘వర్కింగ్ సెట్’ (వాడుకలోని మెమరీ) అంకెలో ఇన్‌యాక్టివ్ (ఈమధ్య వాడని) ఫైళ్లను తీసేస్తారు గానీ, తరచూ వాడే ఫైళ్లు ఉండిపోతాయి.

ఫలితాల ముందు రాత్రి పూర్తి బ్యాకప్, స్కాన్, ‘అప్‌డేట్‌డీబీ’ (ఫైళ్ల పేర్ల సూచిక తయారు చేసే పని) పెట్టుకోకండి. రెండు రోజుల ముందే ముగించండి. మామూలు రోజున అవైలబుల్, ఎస్‌రీక్లెయిమబుల్, ఎస్‌అన్‌రీక్లెయిమ్, షేర్డ్ అంకెలు ఎంతెంత ఉన్నాయో రాసి బృందానికి ఇవ్వండి. అలారం మోగినప్పుడు డ్యూటీలో ఉన్నవారు రీస్టార్ట్ నొక్కే ముందు ఈ నాలుగు అంకెలనూ పోల్చి చూడాలి, ఆ క్షణంలోని మెమ్‌ఇన్ఫోను, స్లాబ్‌టాప్‌ను ఒక ఫైలులో దాచాలి. రీస్టార్ట్ అయ్యాక ఆ ఆధారం మళ్లీ దొరకదు.