‘దుర్గంధం’ సరేనయ్యా, ఏ వాసన?

రిపోర్టర్‌గా చేరిన కొత్తలో ఒక మురుగు కాలువ మీద వార్త రాస్తూ ‘భరించలేని దుర్గంధం వెదజల్లుతోంది’ అన్నాను. డెస్క్‌లో పెద్దాయన కాపీ వెనక్కిచ్చి అడిగిన ప్రశ్నే పైన పెట్టాను. ఆ గట్టు మీద రెండు గంటలు నిలబడి వచ్చినవాణ్ణి, జవాబు చెప్పలేకపోయాను.

ముక్కు ఏ వాసనకైనా కొద్ది నిమిషాల్లోనే అలవాటు పడిపోతుంది. అందుకని ఇప్పుడు ఎక్కడికెళ్లినా, ఎవరినీ పలకరించకముందే, గడప దగ్గరే నోట్‌బుక్ తీసి వాసన రాసుకుంటాను. మీరు మర్చిపోతే ఓ పది నిమిషాలు బయట తిరిగి మళ్లీ లోపలికి రండి.

రాసేటప్పుడు వాసనకి పేరు పెట్టండి. కమురు, నీచు, మాడు, పాచి, బూజు, ముక్కిన వాసన, పులిసిన వాసన... మన దగ్గర పేర్లకేం కరువు? అగ్నిప్రమాదం జరిగిన చోట ‘కాలిన వాసన’ అని రాస్తే చదివేవాడికి ఏమీ అందదు. రబ్బరు కాలిందా, కాగితమా, వెంట్రుకలు కమిరాయా? పేరు దొరక్కపోతే, ఆ వాసనకి మనుషులు ఏం చేశారో రాయండి. 1858 వేసవిలో లండన్‌లో థేమ్స్ నది కంపు తట్టుకోలేక పార్లమెంటు కిటికీ తెరలను సున్నపు క్లోరైడ్ (బ్లీచింగ్ పౌడర్) కలిపిన నీళ్లలో తడిపి వేలాడదీశారు. ఆ తడి తెరల పక్కన ‘భరించలేని’ అన్న మాట ఇక దేనికి?

ఒక జాగ్రత్త. ముక్కు సాక్షి మాత్రమే. వంటగ్యాస్ లీకైనప్పుడు మనకు తెలిసేది అందులో కావాలని కలిపిన మెర్‌కాప్టాన్ వాసన. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనే లేదు. హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది గానీ, మోతాదు బాగా పెరిగితే ముక్కునే మొద్దుబార్చేస్తుంది. ‘వాసన తగ్గింది, ముప్పు తప్పింది’ అని రాసేముందు మీటరు పట్టుకున్న మనిషిని అడగండి.

ఇక అలంకారంగా వాడే వాసనలు. ‘పరిమళించిన మానవత్వం’ అనే హెడ్డింగ్ ఎన్నిసార్లు వేశామో, అందులో ఇప్పుడు ఏ పరిమళమూ లేదు. దాన్ని వదిలేయండి, పోయేదేమీ లేదు. ‘అవినీతి కంపు’తోనే నాకు టెన్షన్. ఆధారం లేనిచోట ఆ మాట వచ్చి కూర్చుంటుంది. గడువు ముగిశాక టెండరులో రేటు మార్చారని కాగితం చూపించగలిగితే కంపు అనక్కర్లేదు, చూపించలేకపోతే అనకూడదు. నా కాపీలో ఆ మాట కనిపిస్తే కొట్టేసి, అక్కడ తేదీ, మొత్తం, ఫైలు నంబరు పెట్టి చూస్తాను. పెట్టడానికేమీ లేకపోతే వార్త ఆ రోజు ఆగుతుంది.

మనిషి ఒంటి వాసన గురించి రాయాలనిపిస్తే, అదే వాసన ఒక పెద్ద అధికారి దగ్గర వస్తే రాస్తారా అని ముందు ఆలోచించండి. నేను ఆలోచించలేదు. మూటలు మోసే ఒకాయన మీద కథనం రాస్తూ ‘చెమట కంపు’ అన్నాను, జాలి పుట్టించాలనే. మర్నాడు ఆయన కూతురు పేపరు మడిచి పట్టుకుని ఆఫీసుకొచ్చింది. “మా నాన్న రోజూ స్నానం చేస్తాడు సార్” అంది. సవరణ వేద్దామంటే, రాసిందాంట్లో అబద్ధం లేదు.