జీడితోటలో ఎలుగు ఎదురైతే ఏం చేయాలి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడిపిక్కలు ఏరే రోజులొస్తే పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు ప్రతి ఇంట్లోనూ పెద్దవాళ్లు చెప్పే మాట ఒకటే, తోటకి ఒక్కడివే వెళ్లకు అని. బయట ఊళ్లలో చదువుకుని సెలవులకి వచ్చే పిల్లలు ఆ మాట పట్టించుకోవడం లేదు, అందుకే ఇదంతా రాస్తున్నా.

ముందు ఒకటి తెలుసుకోండి. ఎలుగు మనల్ని తినడానికి రాదు. దానికి కావల్సింది చెదలు, చీమలు, తేనె, రాలిన జీడిపళ్లు, పనసపళ్లు. ముక్కు చాలా చురుకు గానీ చూపు మందం. పుట్ట తవ్వి చెదలు పీల్చేటప్పుడు అది చేసే చప్పుడుకి మన అడుగులు దానికి వినపడవు, తల ఎత్తేసరికి మనం పక్కనే ఉంటే బెదిరిపోయి మీద పడుతుంది. అంటే మనం వస్తున్నట్టు దానికి ముందే తెలియాలి.

తెల్లవారుజామున, చీకటి పడే వేళ తోటకి వెళ్లకండి. తప్పకపోతే ఇద్దరు ముగ్గురు కలిసి, టార్చి, కర్ర పట్టుకుని, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లండి. చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వెళ్లొద్దు. తుప్పలు దట్టంగా ఉన్నచోట ముందు కర్రతో కొట్టి చప్పుడు చెయ్యండి. కొత్తగా తవ్విన పుట్ట కనిపిస్తే ఆ పక్కకి పోకుండా వెనక్కి వచ్చెయ్యండి.

నాకు ఎదురైంది తల్లి ఎలుగు. పనసచెట్టు కింద, వీపు మీద రెండు పిల్లలు జూలు పట్టుకుని వేలాడుతున్నాయి. అది రెండు కాళ్ల మీద లేచి గాలి వాసన చూసింది, ఛాతీ మీద తెల్లటి గీత, పొడవాటి గోళ్లు స్పష్టంగా కనపడ్డాయి. నా కాళ్లు పరుగుకే సిద్ధమయ్యాయి. మా చిన్నాన్న నా చెయ్యి పట్టుకుని "పరిగెట్టకురా, మెల్లగా ఎనక్కి రా" అన్నాడు. దాని వైపే చూస్తూ ఒక్కో అడుగూ వెనక్కి వేశాం. అది పిల్లల్ని వేసుకుని తుప్పల్లోకి వెళ్లిపోయింది. అంత భయంలోనూ ఆ పిల్లలు తల్లిని అంటిపెట్టుకున్న తీరు నాకు గుర్తుండిపోయింది, పిల్లలున్న ఎలుగు ఎందుకు అంత ప్రమాదమో ఆ రోజే అర్థమైంది.

పరిగెడితే మనకంటే అదే వేగం, చెట్టెక్కితే అదీ ఎక్కుతుంది. రాయి మాత్రం విసరొద్దు. మీద పడిపోతే బోర్లా పడుకుని, ముఖం నేలకి ఆనించి, రెండు చేతులూ మెడ వెనక పెనవేసుకోండి, ఎందుకంటే అది ఎక్కువగా ముఖం, తల మీదే దెబ్బ తీస్తుంది. అది వెళ్లిపోయిందని నమ్మకం కుదిరేదాకా లేవొద్దు. నెత్తురు బాగా కారుతుంటే గుడ్డతో గట్టిగా అదిమి 108కి ఫోన్ చెయ్యండి. చిన్న గాయమైనా సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాల్సిందే, రేబిస్ టీకా మానొద్దు.

ఎలుగు ఊళ్లోకి వస్తే మనవాళ్లు చేసేది నాకు అస్సలు నచ్చదు. వందమంది చుట్టూ చేరి కేకలు, సెల్‌ఫోన్ వీడియోలు. దారి మూసుకుపోతే అది కనపడినవాడి మీదే పడుతుంది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడిలో మనిషి ప్రాణం పోయింది, మత్తిచ్చి పట్టుకున్న ఎలుగూ బతకలేదు. కాబట్టి పిల్లల్ని లోపలికి పంపించి తలుపులు వేసుకోండి, అటవీశాఖ వాళ్లకి ఫోన్ చెయ్యండి, తోటల వైపు దారి మాత్రం ఖాళీగా వదిలెయ్యండి.