పెయ్యదూడ పెంపకం: ముర్రుపాల నుంచి మొదటి చూలు వరకు

ఆవు ఈనిన గంటలోపు, ఎంత ఆలస్యమైనా రెండు గంటలలోపు, దూడ కడుపులో ముర్రుపాలు పడాలి. దూడల పెంపకంలో ఇంతకు మించిన పని మరొకటి లేదని నా అభిప్రాయం. మదనపల్లె వైపు నుంచి వచ్చి బెంగళూరు పక్కన హొసకోటె దగ్గర పాడి పెట్టుకున్న కుటుంబం మాది. మొదట్లో మా ఇంట్లో కూడా మాయ పడిన తర్వాతే దూడను పొదుగు దగ్గరకు వదిలే అలవాటు ఉండేది. అలా ఒకసారి రాత్రి పుట్టిన పెయ్యను తెల్లవారేదాకా ఆపాము. నాలుగో రోజున దానికి పారుడు (విరేచనాలు) పట్టుకుంది, ఆరో రోజున చనిపోయింది. ఆ తప్పు పూర్తిగా మాదే. దూడ లేచి పాలు కుడిస్తే మాయ పడటం సులువవుతుందే తప్ప ఆగిపోదని తర్వాత తెలుసుకున్నాము.

దీనికి కారణం తెలిస్తే ఎవరూ ఆలస్యం చేయరు. తల్లి రక్తంలోని రోగనిరోధక శక్తి మాయ ద్వారా దూడకు చేరదు. పుట్టిన దూడ ఏ రక్షణా లేకుండా నేల మీద పడుతుంది. ముర్రుపాలలోని రక్షక ప్రోటీన్లను అరిగించి ముక్కలు చేయకుండా నేరుగా రక్తంలోకి రానిచ్చే గుణం దూడ పేగులకు మొదటి కొన్ని గంటలు మాత్రమే ఉంటుంది. ఆ దారి గంటగంటకూ ఇరుకవుతూ 24 గంటలకల్లా దాదాపు మూసుకుపోతుంది. అందువల్ల 30 కిలోల దూడకు మొదటి విడతలో రెండు లీటర్లు, పన్నెండు గంటలలోపు మరో లీటరు లేదా లీటరున్నర అందేలా చూడాలి. ఇరుగుపొరుగువారు జున్ను కోసం గిన్నె పంపడం మన ఊళ్లలో మర్యాదే, కాదనలేము. కానీ దూడ వాటా తీసిన తర్వాతే ఆ గిన్నె నింపాలి. ఆవులు ఎక్కువగా ఉన్నవారు మిగిలిన ముర్రుపాలను లీటరు సీసాలలో పోసి ఫ్రీజర్‌లో ఉంచుకుంటే, తల్లి చనిపోయినప్పుడో పొదుగువాపు వచ్చినప్పుడో ఆదుకుంటాయి. వాటిని చెయ్యి పెట్టగలిగేంత వేడి నీళ్లలోనే కరిగించాలి. మరిగే నీళ్లలో పెడితే సీసాలోనే జున్నవుతుంది.

దూడ పుట్టగానే ముక్కు, నోటి దగ్గరి జిగురు తుడిచి, తల్లి నాకేలా ముందు వేయాలి. బొడ్డును పొట్టకు రెండు మూడు వేళ్ల దూరంలో శుభ్రమైన దారంతో కట్టి, దాని కింద కొత్త బ్లేడుతో కోసి, చిన్న గిన్నెలో టింక్చర్ అయోడిన్ పోసి మొదలు వరకు మునిగేలా ముంచాలి. ఇలా రోజుకు రెండుసార్లు చొప్పున మూడు నాలుగు రోజులు చేయాలి. పైపైన దూదితో అద్దితే సరిపోదు. బొడ్డు నుంచి లోపలికి పాకిన చీము కీళ్లలో చేరి, వారం తర్వాత మోకాళ్లు వాచిన దూడగా బయటపడుతుంది.

ముర్రుపాల రోజులు దాటాక, మొదటి నెలలో దూడ బరువులో పదో వంతు, రెండో నెలలో పదిహేనో వంతు, మూడో నెలలో ఇరవయ్యో వంతు పాలు పోయాలనేది చాలామందికి తెలిసిన లెక్క. దూడ బరువు పెరుగుతూ ఉంటుంది కనుక ఈ లెక్క మూడు నెలలూ రోజుకు మూడు లీటర్ల దగ్గరే నిలుస్తుంది. పాల సంఘంలో పోస్తే ప్రతి లీటరుకూ డబ్బు వచ్చే చోట ఈ మూడు లీటర్లు బరువుగానే తోస్తాయి. అయినా రెండున్నరేళ్ల తర్వాత కొట్టంలో నిలబడే ఆవు ఈ పాలతోనే తయారవుతుంది. ఇక్కడ తగ్గించిన ఎదుగుదలను తర్వాత ఎంత దాణా పెట్టినా పూర్తిగా తిరిగి తేలేము. పాలు శరీరమంత వెచ్చగా, అంటే 38 డిగ్రీల దగ్గర ఉండాలి. రోజూ అదే వేళకు, అదే కొలతతో, అదే మనిషి పోస్తే మరీ మంచిది. బకెట్‌తో నేర్పేటప్పుడు రెండు వేళ్లు పాలలో తడిపి దూడ నోట్లో పెట్టి, అది చీకుతుండగా చేతిని మెల్లగా పాలలోకి దించాలి. నాలుక వేళ్ల చుట్టూ చుట్టుకుని గట్టిగా లాగుతుంది. అలా రెండు మూడు గుక్కలు పడ్డాక వేళ్లు తీసేస్తే, చాలా దూడలు మూడో రోజుకల్లా తామే తాగుతాయి. తల బలవంతంగా ముంచితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాత్రను ప్రతిసారీ వేడినీళ్లతో కడిగి ఎండలో బోర్లించాలి.

పుట్టిన దూడలో పెద్దపొట్ట పేరుకే పెద్దది. అప్పటికి పనిచేసేది నాలుగో పొట్ట ఒక్కటే. తాగిన పాలు పెద్దపొట్టను దాటుకుని నేరుగా నాలుగో పొట్టకు పోతాయి, కానీ నీళ్లూ గింజలూ పెద్దపొట్టలో పడి అక్కడ పులుస్తాయి. ఆ పులుపు నుంచి పుట్టే ఆమ్లాల వల్లే పెద్దపొట్ట గోడ మందమై, నెమరు వేసే పశువుగా దూడ మారుతుంది. పాలు తాగుతోంది కదా అని నీళ్లు పెట్టకపోవడం, గడ్డి ఒక్కటే వేసి ఊరుకోవడం రెండూ ఈ మార్పును వెనక్కి నెట్టేవే. నాలుగో రోజు నుంచి శుభ్రమైన నీళ్లు, రెండో వారం నుంచి పిల్లదాణా అందుబాటులో ఉంచాలి. పాలు తాగిన వెంటనే గుప్పెడు దాణా మూతికి రాస్తే నాకి రుచి మరుగుతుంది. ఇంట్లో కలుపుకునేవారు నూరు కిలోలకు మొక్కజొన్న రవ్వ 45, వేరుశనగ చెక్క 30, గోధుమ పొట్టు 22, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1 కిలో చొప్పున వేసుకోవచ్చు. చెక్కకు బూజు వాసన ఏమాత్రం ఉన్నా వాడకూడదు. యూరియా కలిపిన దాణాను దూడల దగ్గరకే రానివ్వకూడదు. ఏ ప్రాంతపు మేతలో ఏ లవణం తక్కువో పరిశీలించి, దానికి తగిన మిశ్రమాలను బెంగళూరు ఆడుగోడిలోని జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ రూపొందించింది కనుక, మన తాలూకాకు ఏది సరిపోతుందో పశువైద్యుడిని అడగడం మేలు. వరుసగా మూడు రోజులు దూడ రోజుకు కిలో దాణా తింటే, వయసు మూడు నెలలు నిండకపోయినా పాలు క్రమంగా మాన్పించవచ్చు.

బెంగళూరు చుట్టుపక్కల చవకగా దొరికే మేతల గురించి ఒక మాట చెప్పాలి. బీరు తయారీలో మిగిలే తడిపిప్పి పాడి ఆవులకు మంచిదే గానీ త్వరగా పులిసిపోతుంది. నాలుగు నెలలు నిండని దూడకు పెట్టకూడదు. మార్కెట్ నుంచి వచ్చే కూరగాయల చెత్తలో ప్లాస్టిక్ కవర్లు, రబ్బరు బ్యాండ్లు ఉంటాయి కాబట్టి దాన్ని పూర్తిగా మానేయడమే క్షేమం. రాగిగడ్డి మెత్తగా ఉన్న కొసలు, పట్టుపురుగులు పెంచేవారి దగ్గర మిగిలిన మల్బరీ ఆకు దూడలు ఇష్టంగా తింటాయి. తోటలో మందు ఎప్పుడు కొట్టారో మాత్రం అడిగి తెలుసుకోవాలి.

పారుడు పట్టిన దూడ రోగంకన్నా ముందు నీరు పోయి చనిపోతుంది. మెడ మీది చర్మాన్ని వేళ్లతో పట్టి వదిలినప్పుడు వెంటనే సర్దుకోకుండా మడతగా నిలిచినా, కళ్లు గుంటలు పడినా ఆలస్యం చేయకూడదు. పాలు ఆపకుండా, పాలకూ పాలకూ మధ్య, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఒక ఓఆర్ఎస్ పొట్లం కలిపి, రోజుకు రెండు నుంచి నాలుగు లీటర్ల వరకు విడతలుగా పట్టాలి. ఇంట్లో చక్కెర కలిపిన నీళ్లు పోసే అలవాటు మంచిది కాదు; చిన్న దూడ పేగుకు చక్కెరను విరగ్గొట్టే శక్తి లేదు, పైగా పారుడు పెరుగుతుంది. అందుకు గ్లూకోజే కావాలి. దూడ లేవలేకపోతే, చెవులు, కాళ్లు చల్లబడితే, పేడలో రక్తం కనబడితే ఇక ఇంటి వైద్యం ఆపి, సెలైన్ ఎక్కించడానికి డాక్టరును పిలవాలి.

దూడల పాకను పరీక్షించే పద్ధతి ఒకటి చెబుతాను. తెల్లవారుజామున, ఇంకా కడగకముందు, దూడ పడుకున్న చోట మోకాళ్ల మీద కూర్చుని, దాని ముక్కు ఎత్తులో నాలుగుసార్లు ఊపిరి పీల్చండి. మూత్రపు ఘాటుకు మీ కళ్లు మండితే, ఆ గాలిని రాత్రంతా పీల్చిన దూడకు దగ్గు, నిమ్ము రావడంలో ఆశ్చర్యం లేదు. అలాగే నేల మీద ఒక నిమిషం మోకాళ్లు ఆనించి లేస్తే, తడి బట్టకు అంటుకుందో లేదో తెలుస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడి రాత్రులు 15 డిగ్రీలకు దిగుతాయి. చలికి పుట్టుదూడ తాగిన పాలలో కొంత భాగాన్ని వేడి పుట్టించడానికే ఖర్చు చేస్తుంది. కాళ్లు కనబడనంత మందంగా పొడిగడ్డి పరచి, వీపు మీద గోనెపట్టా కట్టి, పాలు మరో అర లీటరు పెంచాలి. దూడలను విడివిడిగా ఉంచితే ఒకదాని బొడ్డు, చెవులు మరొకటి చీకే బెడద కూడా ఉండదు.

నట్టల మందు పది పదిహేను రోజుల వయసులో మొదటిసారి, ఆ తర్వాత ఆరు నెలల వరకు నెలనెలా డాక్టరు చెప్పిన మోతాదులో ఇవ్వాలి. గేదె దూడలకు ఇది మరింత ముఖ్యం, ఎందుకంటే నట్టల పిల్లలు తల్లి పాలతోనే వచ్చేస్తాయి. కొమ్ముల మొలకలను మూడు వారాలలోపు, మత్తు ఇచ్చి కాల్పించాలి. గాలికుంటు టీకా నాలుగో నెలలో, నెల తర్వాత మళ్లీ, ఆపైన ఆరు నెలలకొకసారి వేయించాలి. చూలు ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లా రోగానికి నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య పెయ్యలకు మాత్రమే, జీవితంలో ఒక్కసారే టీకా వేస్తారు. గొంతువాపు, జబ్బవాపు టీకాలు ఆరో నెలలో పడతాయి.

కోడెదూడలకు పాలు దండగ అనుకుని ముర్రుపాలు కూడా పట్టకుండా వదిలేసే కొట్టాలు ఈ చుట్టుపక్కల నేను చూశాను, చూసిన ప్రతిసారీ బాధపడ్డాను. అది పుట్టకూడదనుకుంటే ఎక్కువగా ఆడదూడలనే ఇచ్చే లింగ నిర్ధారిత వీర్యం వేయించుకునే వీలుంది. పుట్టిన తర్వాత మాత్రం దానికీ ఆకలి ఒక్కటే.

పెయ్య ఎదుగుదలను కంటితో కాక టేపుతో చూడాలి. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను, భుజం ముందు నుంచి పిర్ర ఎముక వరకు పొడవును అంగుళాల్లో కొలిచి, చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, ఆ వచ్చినదాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది. 40 అంగుళాల ఛాతీ, 35 అంగుళాల పొడవు ఉన్న దూడ ఇంచుమించు 85 కిలోలు తూగుతుంది. నెలకొకసారి ఈ అంకెను గోడ మీద రాసుకుంటూ పోతే, రోజుకు అర కిలో చొప్పున పెరగని నెల ఏదో, ఆ నెలలో ఏ పొరపాటు జరిగిందో వెతుక్కోవచ్చు. సంకరజాతి పెయ్య ఎదకు వచ్చినా 250 కిలోలు దాటకుండా చూలు కట్టించే సూది (కృత్రిమ గర్భధారణ) వేయించకూడదు.